కీర దోసకాయ పట్టుకుని సంతకెళ్ళండి

సలాడ్‌కి కూరలు తరగడానికి చేతికి వీలైన పనిముట్టు ఏది కొనాలని ఎవరడిగినా నా జవాబు ఒకటే. చేతిలో పట్టనిది కొనండి. వంటగట్టు మీద ఇమడనిది, కాలితో నొక్కి పట్టాల్సినది, తుడవడం మరిస్తే తెల్లారేసరికి తుప్పు పట్టేది కొనండి. కత్తిపీట కొనండి. అది కూడా రంగుల అట్టపెట్టెలో వచ్చేది వద్దు. అరకు కొండల్లో వారపు సంతలో, గోనెపట్టా మీద కొడవళ్ళ పక్కన పరిచి అమ్మేది, ముట్టుకుంటే వేళ్ళకి కొలిమి మసి అంటేది కొనండి.

నేను ఆ కొండల్లో ఇరవై ఏళ్ళకు పైగా బడిపిల్లలకి పాఠాలు చెప్పాను. రిటైరై విశాఖపట్నం వచ్చేశాక, మా అపార్టుమెంటులో కొత్తగా కాపురాలు పెట్టిన పిల్లలు ఈ ప్రశ్నతో నా దగ్గరికి వస్తుంటారు. డాక్టరు పచ్చికూరలు తినమన్నారు, ఆఫీసు బస్సు వచ్చేలోగా తరిగెయ్యాలి, ఏది కొనమంటారు ఆంటీ, అని. వాళ్ళకి గుమ్మంలో నిలబడి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. దుకాణాల్లో చెప్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు. అయినా ఇలాగే చెయ్యండి.

ముందు తెగిన తాడు సంగతి

తాడు లాగితే లోపల బ్లేడ్లు గిర్రున తిరిగే ప్లాస్టిక్ డబ్బా నేనూ కొన్నాను. ఒక ప్రదర్శనలో అమ్మే కుర్రాడు నాలుగు లాగుల్లో ఉల్లిపాయ తరిగి చూపించాడు. ఇంటికి తెచ్చి రెండు నెలలు వాడాను. ఆ బ్లేడ్లు ఒకదాని మీద ఒకటి వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. అడుగున పడ్డ ముక్క మళ్ళీ మళ్ళీ దెబ్బలు తిని ముద్దయిపోతుంది, పైన తేలింది పెద్ద ముక్కగానే మిగిలిపోతుంది. టమాటా తొక్క ఒక దారి, రసం ఒక దారి. కీర ముక్కలు నీళ్ళలో తేలుతుంటాయి. అదంతా ఓర్చుకున్నాను. ఒక ఆదివారం ఇంటికి పదిహేనుమంది భోజనానికొచ్చిన రోజు, క్యారెట్ ముక్క బ్లేడుకి అడ్డం పడి తాడు పుటుక్కున తెగింది. మూత విప్పితే లోపలి స్ప్రింగు చుట్ట విడిపోయింది.

దాన్ని మళ్ళీ చుట్టి బిగించే మనిషి కోసం వారం రోజులు తిరిగాను. గొడుగులు బాగుచేసే ఆయన, మిక్సీలు విప్పే ఆయన, కుట్టుమిషను మెకానిక్కు, ముగ్గురూ అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశారు. "ఇది బాగుచేసుకోడానికి చేసింది కాదమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నారు. ఆ మాటకి నాకు నిజంగా బాధ కలిగింది. రెండు నెలలు మన ఇంటి తిండిని ముట్టుకున్న వస్తువు, ఒక్క తాడు తెగినందుకు చెత్తబుట్టలోకి పోవాలా?

చేతికి అందుబాటైన పనిముట్టంటే ఏమిటో నాకు ఆ వారంలో తెలిసింది. దాన్ని బాగుచేసే చెయ్యి కూడా మనకి అందుబాటులో ఉండాలి. ఇక ముందు చెప్పే చిట్కాలన్నీ ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే.

1. పనిముట్టు కంటే ముందు కూరలు కొనండి

కూరలు తర్వాత చూసుకోవచ్చు, ముందు చాకు తెచ్చుకుందాం అనుకుంటారు. వద్దు. అరకు, సుంకరమెట్ట, హుకుంపేట, పాడేరు, ఎక్కడి సంతకి వెళ్ళినా ముందు కూరల వైపు నడవండి. తల్లులు తట్టల్లో దింపిన క్యాబేజీ, క్యారెట్, చిక్కుళ్ళు, అల్లం చూడండి. ఒక కీర దోసకాయ, బాగా పండిన టమాటా, చిన్న క్యాబేజీ కొనండి. ఈ మూడూ చేత్తో పట్టుకుని ఇనుప సామాను దగ్గరికి వెళ్ళండి.

నేను మొదటిసారి అలా వెళ్ళినప్పుడు కమ్మరి ఆశ్చర్యంగా చూశాడు. "ఏటి టీచరమ్మా, కీరకాయట్టుకొచ్చారు? కూరలు అటేపు కదా అమ్ముతారు" అన్నాడు. నీ కత్తిపీట మీద ఇది కోసి చూపించు, అప్పుడు కొంటానన్నాను. ఆయన నవ్వి, కాలు మడిచి కూర్చుని, కీరని నాలుగు చక్రాలు కోశాడు. రెండు నాకిచ్చి రెండు తాను నోట్లో వేసుకున్నాడు. పదును ఎలా ఉందో అడగాల్సిన పని లేకపోయింది.

కీర మీకు అలుగు (పీటలో దిగిన కత్తి) జారుడు చెబుతుంది. చక్రం తెగేటప్పుడు చుట్టూ నీళ్ళు చిమ్మకుండా, అంచు మీద తడి మెరుస్తూ ఉండాలి. టమాటా అంచు పదును చెబుతుంది. తొక్క మీద ఆనించగానే తెగాలి. నొక్కితే గాని తెగలేదంటే లోపలి గుజ్జు అప్పటికే చితికిపోయిందన్నమాట. క్యాబేజీ ఎత్తు చెబుతుంది. సగం చెక్కని రెండు చేతులా పట్టి అలుగుకి ఆనించినప్పుడు అది పీటకి తగలకూడదు. తగిలితే ఆ కత్తిపీట మీ ఇంటికి చిన్నది.

2. చేసినవాడి దగ్గరే కొనండి

ఎక్కడ చవకో అని వెతకకండి. వచ్చే వారం ఎవరు కనిపిస్తారో వెతకండి. అమ్మే మనిషిని రెండే ప్రశ్నలు అడగండి. "ఇది నువ్వే చేశావా? మొద్దుబారితే నీ దగ్గరికే తేవచ్చా?" రెండింటికీ అవునంటేనే డబ్బు తియ్యండి.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో భగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబల మధ్య కమ్మరి పని చేసే గిరిజనులు కూడా ఉన్నారు. రాష్ట్ర షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర అనే పేరు వేరుగా కనిపిస్తుంది. నాగలి కర్రు, గొడ్డలి, కొడవలి, పోడు నరికే కత్తి, అన్నీ వాళ్ళ కొలిమి నుంచే. పంట కోసేవాడికి ఏ కొడవలి ఎంత వంగాలో తెలిసిన చెయ్యి మీ కీరకి అలుగు ఎంత వంగాలో కూడా చెప్పగలదు.

ఆ ఇనుము కథ కూడా తెలుసుకుని కొనండి. పల్లెటూరి కమ్మరులు సాధారణంగా వాడేది పాత లారీ కమాను పట్టీ. అందులో సుమారు 0.6 శాతం కార్బన్ ఉంటుంది కాబట్టి కాల్చి సాగగొట్టి నీళ్ళలో ముంచితే అంచు గట్టిపడుతుంది. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం 1960లలో వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం. ఈనాటికీ ఖనిజం నింపిన పెట్టెలు సొరంగాల్లోంచి సముద్రం వైపు దిగుతూనే ఉంటాయి. బడిలో పాఠం చెబుతుంటే ఆ చప్పుడుకి కాసేపు ఆగేదాన్ని. ఇనుము మట్టిగా కొండ దిగిపోతుంది, ఉక్కు పాత కమాను పట్టీగా కొండెక్కి కొలిమికి చేరుతుంది. మీరు కొనే కత్తిపీట అంత ప్రయాణం చేసిన లోహంతో తయారైంది. దాన్ని చులకనగా చూడకండి.

3. బరువైనదే కొనండి

తేలికగా ఉంది, బాగుందండీ అనే మాట నమ్మకండి. కత్తిపీటలో బరువే బలం. పీట మందంగా, వెడల్పుగా ఉంటే నేల మీద కదలదు. కదలనప్పుడే రెండు చేతులూ కూరగాయ మీద ఉంటాయి. చాకుతో కోసేటప్పుడు ఒక చెయ్యి కత్తిని ఆడిస్తుంది, ఇంకో చెయ్యి వేళ్ళు కాపాడుకుంటూ కాయని పట్టుకుంటుంది. ఇక్కడ కత్తి కదలదు, కాయే కదులుతుంది. వంపు తిరిగిన అలుగు మీద కాయని జారుస్తూ ముందుకు నెడతాం. అలా జారుతూ తెగిన ముక్క చితకదు, పై నుంచి నొక్కి కోసిందానికంటే బలం కూడా తక్కువ పడుతుంది. ముక్కలు తిన్నగా కింద పెట్టిన పళ్ళెంలో పడతాయి. చెక్కపలక మీద వదిలేసి కడిగేసే రసం కూడా అందులోకే చేరుతుంది.

కొనే ముందు అలుగు పీటలోకి దిగిన చోట వేలితో కదిపి చూడండి. రవ్వంత ఊగినా అక్కడే మేకు కొట్టించండి. మడిచే రకమైతే తెరిచాక అలుగు బిగువుగా నిలబడాలి. కొసన కొబ్బరి కోరే పళ్ళున్నది దొరికితే వదలకండి, సలాడ్ మీద తాజా కొబ్బరి పడితే రుచే వేరు.

4. తుప్పు పట్టేదే కొనండి

తుప్పు పట్టని ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో 1913లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన ఆ ఉక్కు ప్రపంచంలో వంటిళ్ళన్నిటినీ మార్చేసింది. అది మంచిదే. గిన్నెలకి వాడండి, గరిటెలకి వాడండి. కూరలు కోసే అలుగుకి మాత్రం మామూలు ఇనుమే కావాలని నేను పట్టుబడతాను. సానరాయి మీద నాలుగు రుద్దులకే దారికొస్తుంది, మీ ఇంట్లో ఉన్న పింగాణీ కప్పు అడుగు గరుకుకి కూడా లొంగుతుంది.

ఇంకో కారణం ఉంది. తుప్పు పట్టే వస్తువు మిమ్మల్ని వాడిన వెంటనే కడిగిస్తుంది, తుడిపిస్తుంది. కొండల్లో చలికాలం మంచు ఇంట్లోకే వస్తుంది. రాత్రి తడిగా వదిలేసిన అలుగు మీద పొద్దున్నకి ఎర్రటి పొర కనిపిస్తుంది. కంగారు పడకండి. చింతపండు పిప్పి, మెత్తటి ఇటుక పొడి కలిపి రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్క రాయండి. శీతాకాలం మొదట్లో అరకు చేలన్నిటినీ పచ్చగా పసుపు పూసినట్టు చేసే వలిసె పువ్వు ఉంది చూడండి, ఆ వలిసెల నూనె దొరికితే అదే రాయండి. నేను అదే వాడాను.

ఇనుముతో కోస్తే కొన్ని ముక్కలు నల్లబడతాయి. పచ్చి మామిడి, అరటికాయ, వంకాయల్లో ఉండే వగరు ఇనుముతో కలిసి ఆ రంగు ఇస్తుంది. దాంతో ప్రమాదమేమీ లేదు. పచ్చి మామిడిని చివర్లో కొయ్యండి, ముందూ వెనకా అలుగు తుడవండి, కోయగానే తినెయ్యండి.

5. మొద్దుగా ఉన్నదే అడిగి తీసుకోండి

ఈ సలహా వినగానే అందరూ నా మొహం చూస్తారు. కమ్మరి ముందు రెండు కత్తిపీటలుంటే, పదును పెట్టనిది తీసుకుని "ఇప్పుడు నా ముందు పదును పెట్టు" అనండి. మొద్దు అంచు పదునెక్కడం మీ కళ్ళతో చూడాలి. ఎర్రగా కాలిన అంచుని సుత్తితో సాగగొట్టడం, నీళ్ళలో ముంచగానే చుయ్యిమనడం, ఆ తర్వాత మళ్ళీ కాస్త వెచ్చబెట్టడం చూడండి. ఆ చివరి వెచ్చదనం లేకపోతే అంచు పెళుసై చిన్న చిన్న పెచ్చులుగా ఎగిరిపోతుంది. సంతలో కొలిమి లేకపోయినా ఆకురాయి ఉంటుంది. ఏ వైపు నుంచి రుద్దుతున్నాడో, ఎంత వాలుగా పట్టుకున్నాడో గమనించండి. ఇంటికెళ్ళాక మీ చెయ్యి ఆ వాలునే గుర్తు తెచ్చుకుంటుంది.

పదునుగా కొన్నవాళ్ళకి పదును ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, పోయిన రోజున ఏం చెయ్యాలో తోచదు. మొద్దుది కొన్నవాళ్ళు మొదటి రోజే దాని వైద్యం నేర్చుకుంటారు.

6. బేరమాడకండి

సంత అంటే బేరం అనుకుని వస్తారు పట్నం నుంచి. కాఫీ గింజల దగ్గర, అనాసపళ్ళ దగ్గర, ఆఖరికి వెదురు బుట్టల దగ్గర కూడా యాభైకిస్తావా, ముప్పైకిస్తావా అంటారు. కత్తిపీట దగ్గర ఆ పని చెయ్యకండి. మీరు కొంటున్నది ఒక్క వస్తువే కాదు, వచ్చే పదేళ్ళ పాటు దాన్ని మరమ్మతు చేసే మనిషిని కూడా. తెలుగు ఊళ్ళలో పూర్వం కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి పంట కళ్ళంలో మేర కొలిచేవారు. పనికింత అని లెక్క కట్టకుండా, ఏడాదంతా చూసుకుంటావని నమ్మి ఇచ్చేది. ఆ నమ్మకంతో చెప్పిన ధర చేతిలో పెట్టండి. పదును పెట్టించడానికి వెళ్ళినప్పుడు ఆయన మీ మొహం మర్చిపోడు.

7. గట్టు దిగి నేల మీద కూర్చోండి

నిలబడి తరిగితే తొందర పుడుతుంది. కత్తిపీట ముందు కూర్చోక తప్పదు. కింద పాత గుడ్డ పరిచి, పీటని కాలితో నొక్కి పట్టి, వీపు నిటారుగా పెట్టండి. ఫోను ఎత్తడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఎవరైనా పిలిస్తే అలుగు మడిచి లేవండి, తెరిచి ఉంచి లేవకండి.

మోకాళ్ళు వంగని వాళ్ళు ఇంట్లో ఎవరి మోకాళ్ళు వంగుతాయో చూడండి. కోత వాళ్ళకి, ఉప్పు కారం కలపడం మీకు. మా ఇంట్లో కోత మావారిది. రిటైరయ్యాక నేర్చుకున్నారు. ఇప్పుడు క్యాబేజీ ఆయన కోస్తే దారప్పోగుల్లా వస్తుంది.

8. ఒక్కరే కొయ్యకండి

తొందరగా అయిపోవాలి కాబట్టి ఒక్కరే నాలుగు నిమిషాల్లో ముగించాలనుకుంటారు. నేను ఇరవై నిమిషాలు పట్టాలంటాను, పక్కన మరో మనిషి ఉండాలంటాను. కొండ ఊళ్ళలో వాకిట్లో ఒకావిడ కత్తిపీట ముందు కూర్చుంటే, ఇంకొకావిడ చిక్కుళ్ళ నారలు తీస్తుంది, ఒక పాప చిక్కుడు గింజలు ఒలుస్తుంది. నా విద్యార్థుల ఇళ్ళకి వెళ్ళినప్పుడు పిల్లాడి చదువు సంగతులన్నీ నాకు ఆ వరసలోనే తెలిసేవి. ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెడితే నోరు విప్పని తల్లి, చేతిలో చిక్కుడుకాయ ఉంటే అన్నీ చెప్పేది.

అలుగు మాత్రం పెద్దవాళ్ళ చేతికే. చిన్నపిల్లలకి తుంచే పని, ఒలిచే పని, కడిగే పని ఇవ్వండి. కోత అయిపోగానే అలుగు మడిచి, గోనెగుడ్డ చుట్టి, గోడ వైపు తిప్పి, వాళ్ళకి అందని ఎత్తులో పెట్టండి. ఈ ఒక్క విషయంలో నేను అందరూ చెప్పేదే చెబుతాను.

9. కోసింది వృథా చెయ్యకండి

ఇంత శ్రమపడి కోసిన ముక్కలకి సీసాలో అమ్మే తెల్లటి సాసు పొయ్యకండి. కీర చక్రాలు, క్యాబేజీ దారాలు, క్యారెట్ పుల్లలు, పలచటి ఉల్లిపాయ, ఉడికించిన రాజ్మా కలపండి. చింతపల్లి, జి.మాడుగుల వైపు పండే రాజ్మాకి మెత్తదనం, తీపి రెండూ ఉంటాయి. వేయించిన వలిసెలు కచ్చాపచ్చాగా దంచి, నిమ్మరసం, పచ్చిమిర్చి, కొత్తిమీర వెయ్యండి. కాస్త తీపి కావాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణం నుంచి తేనె తెచ్చి ఒక చెంచా కలపండి. 1956లో మొదలైన ఆ సంస్థ కొండ తేనెని మన దాకా తెస్తోంది. ఉప్పు మాత్రం వడ్డించే ముందే. ముందుగా వేస్తే ముక్కల్లోంచి నీరంతా బయటికొచ్చి పళ్ళెంలో నిలుస్తుంది, కత్తిపీట కాపాడిన కరకర పోతుంది.

10. అరకు రాలేని వాళ్ళకి

ప్రతి సీమలోనూ ఇలాంటిది ఉంది. తెలంగాణలో ఈలపీట అని అడగండి. కొండ అవతల కోరాపుట్ వైపు ఒడియా వాళ్ళు పనికి అంటారు. బెంగాల్లో బొంటి, తమిళనాడులో అరువామణై, మరాఠీ ఇళ్ళల్లో విళీ. పేరు ఏదైనా సూత్రం అదే, చేసిన మనిషి దగ్గరే కొనండి. విదేశంలో ఉన్న పిల్లలు సెలవులకొచ్చినప్పుడు కొనుక్కుని, అలుగుకి గోనె మందంగా చుట్టి, విమానంలో లోడు చేసే పెద్ద పెట్టెలోనే పెట్టాలి. చేతిసంచిలో పెట్టకూడదు. అక్కడ మొద్దుబారితే సానరాయి మీద మీరే రుద్దండి. అందుకే ఐదో చిట్కా.

కిందటి చలికాలం నా కత్తిపీట పట్టుకుని మళ్ళీ కొండెక్కాను. ఖనిజం రైలు దిగిపోయే దాకా మా రైలు ఒక స్టేషనులో ఆగింది. సంతలో కమ్మరి జుట్టు నెరిసింది, పక్కన కొడుకు ఆకురాయి పట్టుకున్నాడు. ఆయన అలుగుని వేలితో నిమిరి, "నాలుగైదేళ్ళు మీరే నూరుకున్నట్టున్నారు టీచరమ్మా, వాలు బాగానే పట్టారు" అన్నాడు. ఉద్యోగంలో నాకు వచ్చిన ఏ మెచ్చుకోలూ నన్ను అంత సంతోషపెట్టలేదు. కొడుకు పదును పెట్టి, నా కీరని కోసి పరీక్షించాడు. తండ్రి చెయ్యి చాపాడు, కొడుకూ చాపాడు, నాకు ఒక్క చక్రమే మిగిలింది.

మీరు వెళ్ళేటప్పుడు రెండు కీరలు పట్టుకెళ్ళండి.